మడ అడవిలో పడవ ప్రయాణము

ఇబ్రహీంపట్నమున పుట్టి పెరిగిన బాలురకు నీరనగానే స్ఫురించునది ఊరి పెద్ద చెరువు. గోలకొండ నేలిన ఇబ్రహీం కుతుబ్‌షా (1550–1580) పేర వెలసిన ఊరది. ఆ చెరువు వానలకు నిండును, ఎండలకు తరుగును. దినమునకు రెండుమారులు పెరిగి, రెండుమారులు తరుగు నీరు కూడ కలదని తరగతిలో చెప్పినప్పుడు మా పిల్లలు నమ్మినట్లు కానరాలేదు. అందుచేత సంక్రాంతి సెలవులలో కొందఱిని వెంటబెట్టుకొని కాకినాడకు ప్రయాణమైతిని.

కాకినాడనుండి యానాము పోవు దారిలో కోరంగి యను గ్రామము కలదు. గౌతమీ గోదావరి సముద్రమున కలియు ఆ ప్రాంతమున వ్యాపించియున్న మడ అడవిని 1978లో కోరింగ అభయారణ్యముగా ప్రకటించిరి. దాని విస్తీర్ణము సుమారు 235 చదరపు కిలోమీటరులు.

మేము చేరునప్పటికి పాయలో నీరు తగ్గి, పడవలు బురదలో ఒరిగి యుండెను. మాకు అడవిని చూపవలసిన పడవ పెద్ద తిథిని వ్రేళ్లపై లెక్కించి, “మాస్టారూ, పోటు రానీయండి. ఇప్పుడు కదిలితే మధ్యదారిలో కూర్చుంటాం” అనెను. సముద్రపు నీరు పాయలోనికి ఎక్కుట పోటు, మరలిపోవుట పాటు. చంద్రుడును, కొంతవఱకు సూర్యుడును సముద్రజలమును ఆకర్షించుటచే ఇవి కలుగును. ఒక పోటునకును మఱియొక పోటునకును నడుమ సుమారు 12 గంటల 25 నిమిషములు పట్టును. కావున నేటి పోటు రేపు 50 నిమిషములు ఆలస్యముగ వచ్చును. పౌర్ణమికిని అమావాస్యకును అది మిక్కిలి హెచ్చును. నేను దీనిని పుస్తకములలో చదివి నేర్చితిని. ఆయనకు తిథి తెలిసిన చాలును.

వేచియుండు సమయమున ఒక బాలుడు రేవులోని గుంజపై, నీటి అంచున, బొగ్గుతో గీత గీసెను. తరువాత అడవిలో వేసిన చెక్కవంతెనపై నడచితిమి. చెట్లక్రింద బురదనిండ పెన్సిలులవంటి మేకులు నిలువుగా లేచియున్నవి. ఎవరో పాతియుందురని పిల్లలు తలచిరి. అవి తెల్లమడ చెట్టు వేళ్లు! బురదలో గాలి యుండదు. వేరు ఊపిరాడక చచ్చును. అందుచే తెల్లమడ తన వేళ్లను నేలలోనుండి పైకి పంపి, పాటు సమయమున వానిద్వారా గాలి పీల్చుకొనును. వాని నడుమ బురదచేపలు ఱెక్కలపై ప్రాకుచు గెంతుచుండెను. చేప నేలపై నడచుట చూచి మా వాండ్రు పెట్టిన కేకలకు కొంగలు లేచిపోయెను.

పోటు వచ్చినది. పడవ కదలినది. పాయ కిరుప్రక్కల కొమ్మలు కప్పుకొని వచ్చుచుండగా, పడవ పెద్ద ఒక తెల్లమడ ఆకును త్రుంచి నాకి చూడుమనెను. ఉప్పు! వేరు పీల్చిన ఉప్పులో కొంత భాగమును ఆ చెట్టు ఆకులగుండ బయటకు నెట్టివేయును. తిల్ల చెట్టును మాత్రము ముట్టవద్దని హెచ్చరించెను. దాని పాలు కంట బడినచో ప్రమాదము. చిదంబరమునకు తిల్లై అను పేరు ఈ చెట్టువలననే వచ్చినది.

అన్నింటికంటె వింతయైనది పొన్న. దీని విత్తనము నేలపై రాలి మొలకెత్తదు. తల్లిచెట్టును అంటియుండగనే మొలకెత్తి, ములగకాడవలె వ్రేలాడును. పాటు వేళ రాలినచో బురదలో గ్రుచ్చుకొని నిలుచును. పోటు వేళ రాలినచో తేలిపోయి వేఱొకచోట వేరూనును. నిలకడలేని నేలపై బిడ్డను విడుచుటకు ముందు తల్లి చేయు ఏర్పాటిది.

ఈ అడవిలో నీటికుక్కలును, చేపలు పట్టి తిను బావురుపిల్లియు కలవు. మాకవి కనబడలేదు. పడవ యంత్రము అంత రొద చేయుచుండగా అవి కనబడవలెనని కోరుట మన తప్పే.

పాయ వెడల్పై సముద్రపు గాలి తగిలినచోట పడవ పెద్ద యంత్రము నాపి, కోరంగి కథ చెప్పెను. ఒకప్పుడిది ఓడలు కట్టిన రేవు. బర్మాకు వలసపోయిన తెలుగువారిని అచ్చటివారు కోరంగీలని పిలుచునంతటి ప్రసిద్ధి దీనిది. 1789లో ఒకమారు, 1839 నవంబరులో మఱియొకమారు తుపానువలన సముద్రము ఊరిపై బడినది. ఓడలు మెట్టకు కొట్టుకొనిపోయెను. వేలకొలది జనులు మరణించిరి. రేవు మరల తేరుకొనలేదు.

“అలనెదిరించే మొనగాడెవడూ లేడండి. ఈ చెట్లు మాత్రం దాని జోరు తగ్గిస్తాయి” అనెను. అల చిక్కని వేళ్లలో చొచ్చునప్పుడు దాని బలము క్రమముగ క్షీణించును. వేళ్లు మన్నును పట్టి ఒడ్డును నిలుపును. రొయ్యపిల్లలు, చేపపిల్లలు పెరుగుటయు ఆ వేళ్ల నీడనే. అయినను వంటచెఱకునకై పూర్వము ఎన్నియో చెట్లను నఱికిరి. నఱికినచోట నేల ఎండి, ఉప్పు పేరుకొని, మొలకలు బ్రదుకలేదు. పిమ్మట ఎం. ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థవారు గ్రామస్థులతో కలసి చేపముల్లు ఆకారమున కాలువలు త్రవ్వించి, పోటునీరు ఆ బీళ్లకు మరల పాఱునట్లు చేసి మొక్కలు నాటించిరి. పడవ పెద్ద చూపిన గుబురు నొకదానిని చూచి, “ఇది నాటిన అడవియా!” అని పిల్లలు ఆశ్చర్యపడిరి.

రేవు చేరగానే ఆ బాలుడు గుంజయొద్దకు పరుగెత్తెను. గీత నీట మునిగియుండెను. చేయి మోచేతివఱకు దించి వెదకినను అందలేదు.

“రేపు ప్రొద్దుటికి మళ్లీ కనబడుతుందా?” అని అడిగెను.

“రేపటిదాకా ఎందుకు బాబూ, రాత్రికే పైకి తేలుతుంది” అనుచు ఆయన పడవను ఆ గుంజకే కట్టెను.