ఎగ్ దీవిలో అయిదు కిలోవాట్ల కట్టుబాటు

స్కాట్లండు పశ్చిమతీరమునకు ఆవల, సముద్రమధ్యమున నున్న ఎగ్ అను చిన్న దీవికి ప్రధానభూమి నుండి కరెంటు తీగ యొక్కటియు రాలేదు. 2008 వరకు అచ్చటి యిండ్లలో పెక్కింటికి డీజిల్ జనరేటరే దిక్కు; ఇంధనము పడవపై రావలెను, జనరేటరు మ్రోగునంతసేపే దీపము వెలుగవలెను. 1997లో ఒక ట్రస్టు ద్వారా దీవినే భూస్వామి నుండి కొనివేసిన ఆ నివాసులు, నూఱుమందికి అటునిటుగా నున్నవారే యయ్యును, వాగుపై 100 కిలోవాట్ల జలవిద్యుత్ యంత్రమును, 6 కిలోవాట్ల గాలిమరలు నాలుగింటిని, సౌరఫలకములను ఒక్క తీగెల వలలో కూర్చి, 2008 ఫిబ్రవరిలో తమ విద్యుత్తును తామే పుట్టించుకొనసాగిరి. చలికాలమున వాగులు పొంగి పెనుగాలి వీచును గాని సూర్యుడు అరుదు. వేసవిలో వాగు సన్నగిల్లును గాని పగళ్లు దీర్ఘములు. నీరు, గాలి, ఎండ అన్నియు ముఖము చాటుచేసిన దినములకై డీజిల్ జనరేటర్లను ఉంచుకొననే యుంచుకొనిరి.

బ్యాటరీలలో నిలువయుండు శక్తి సుమారొక దినపు వాడుకకు చాలును. అవి నిండిన పిమ్మట వచ్చు విద్యుత్తు నేమి చేయవలె నన్నదే చిక్కు. మన యింటి కరెంటు వలెనే అచ్చటిదియు సెకనుకు 50 ఆవర్తనములు చేయును. బ్యాటరీలు నిండగానే, వానికి కాపున్న ఇన్వర్టర్లు ఈ పౌనఃపున్యమును బుద్ధిపూర్వకముగా 50 హెర్ట్జులకు కొంచెము పైకెత్తును. కరెంటు పాఱు తీగెలోనే ఆ సంకేతమును పాఱుటచే, వేఱు టెలిఫోనుగాని, ఆజ్ఞయిచ్చు కార్యాలయముగాని లేకయే, గాలిమరలును సౌరఫలకములును తమ ఉత్పత్తిని తగ్గించుకొనును. చర్చిలోను, సభాభవనములోను అమర్చిన హీటర్లు తమంత తామే వేడెక్కును. ప్రార్థనకు వచ్చినవారు దానిని దైవానుగ్రహమని తలచినను ఏ ఇంజనీరును కాదనడు!

ఈ యంత్రకౌశలముకంటె నేను మిక్కిలి మెచ్చునది, మన పల్లెలలో చెఱువునీటికి వంతులు కట్టుకొన్నట్లు, వారు తమకు తాము విధించుకొన్న హద్దు: ఒక్కమాఱున ఇంటికి 5 కిలోవాట్లు, వ్యాపారస్థలమునకు 10, అంతకు మించి యెవరికిని లేదు. ఈ హద్దే లేకున్నచో, అందఱును ఒక్కతఱి పొయ్యి వెలిగించు గడియకై ఎన్నో రెట్లు పెద్ద యంత్రములను నెలకొల్పి, తక్కిన దినమంతయు వానిని వ్యర్థముగా నిలుపవలసి వచ్చును. కెటిలులో నీరు కాగుచుండగా బట్టలుదుకు యంత్రమును వేడినీటికై విద్యుత్తును లాగుచున్నచో హద్దు దాదాపు చేరినట్లే. ఆపై ఇస్త్రీపెట్టె తగిలింపబోవువారు ముందు మీటరు వంక చూడవలెను. హద్దు దాటిరా, ఆ యింటికి కరెంటు తెగును. నిర్వాహకులు వచ్చి తిరిగి కలుపుదురు గాని, రుసుము పుచ్చుకొనక పోరు.