మెట్ల మధ్య పల్లం

పిల్లలూ, మీలో ఎంతమంది గిటారు చూశారు? ఎంతమంది వీణ చూశారు? రెండూ చూసినవాళ్ళుంటే మరీ మంచిది. ఎందుచేతనంటే, ఈ నెల మనం చెప్పుకోబోయేది ఆ రెంటినీ కలిపే ఒక చిన్న పల్లం సంగతి.

మా ఇల్లు మల్కాజ్‌గిరిలో. తెల్లవారుజామున తార్నాక దాకా వెళ్ళి, ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణలో నడిచి రావటం నాకు అలవాటు. 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కాలేజీ రాతిభవనానికి కాస్త దూరంలో, ఒక చెట్టు కింద, ఇంటర్మీడియట్ చదివే కుర్రవాడొకడు కూర్చుని కనిపించాడు. ఒడిలో ఎలెక్ట్రిక్ గిటారు, చేతిలో ఆకురాయి!

“ఆకురాయితో గిటారు వాయిస్తారా నాయనా?” అన్నాను.

వాడు నవ్వి, “లేదు సార్. మెట్ల మధ్యన ఉన్న చెక్కను గుంటలుగా అరగదీద్దామనుకుంటున్నాను. కొందరు గొప్పవాళ్ళ గిటార్లు అట్లాగే ఉంటాయి. అట్లా ఉంటే తీగను బాగా లాగవచ్చునట. ఎంత సాధన చేసినా నా చేతికి తీగ లొంగటం లేదు,” అన్నాడు.

వాడి వేళ్ళ కొనలు ఎర్రగా కంది ఉన్నాయి.

“ఒక్క వారం ఆగు. అరగదీసిన చెక్కను మళ్ళీ అతికించలేము గదా!” అన్నాను. వాడు ఆగాడు. ఆ వారం రోజుల్లో మేమిద్దరం తెలుసుకున్న విషయాలు మీకూ చెబుతాను.

మొదట, మెట్టు అంటే ఏమిటో చూద్దాం. తీగ పొడుగు తగ్గితే శ్రుతి పెరుగుతుంది. చాలా ఎలెక్ట్రిక్ గిటార్లలో మోగే తీగ పొడుగు సుమారు 648 మిల్లీమీటర్లు. సరిగ్గా అందులో సగం దూరాన, అంటే 324 మిల్లీమీటర్ల దగ్గర, 12వ మెట్టు ఉంటుంది. అక్కడ తీగను నొక్కి మీటితే పై స్థాయి స్వరం పలుకుతుంది. కింది ‘స’ నుంచి పై ‘స’కు చేరామన్నమాట. మెట్టు చేసే పని ఇంతే: తీగ ఎక్కడినుంచి మోగాలో అక్కడ అడ్డుకట్ట వెయ్యటం.

కాని శ్రుతి పెంచటానికి మరొక దారి ఉన్నది. తీగను బిగిస్తే కూడా శ్రుతి పెరుగుతుంది. మెట్టు మీద నొక్కిన తీగను వేలితో పక్కకు లాగితే, అది మరింత బిగుసుకుని పై స్వరానికి ఎగబాకుతుంది. మన సంగీతానికి ప్రాణమైన గమకాలలో చాలా భాగం వీణ మీద ఈ విధంగానే పలుకుతాయి.

ఇప్పుడు వీణను జ్ఞాపకం తెచ్చుకోండి. విజయనగరం జిల్లాలో బొబ్బిలికి దగ్గరనే గొల్లపల్లి అనే ఊరున్నది. అక్కడి పనివారు ఒకే పనస మొద్దు నుంచి కుండనూ, దండినీ కలిపి తొలుస్తారు. దండికి రెండువైపులా మైనపు గట్లు పోసి, వాటి మీద 24 లోహపు మెట్లు నిలబెడతారు. తంజావూరును ఏలిన రఘునాథ నాయకుని కాలంలో, అంటే 17వ శతాబ్దంలో, ఈ 24 మెట్ల వీణ స్థిరపడిందని సంగీత చరిత్ర రాసినవారు చెబుతారు. ఆ రాజు తెలుగులో కావ్యాలు రాసిన కవి కూడా.

గట్ల మధ్య ఏమున్నది? ఖాళీ! మెట్లు ఎత్తుగా ఉంటాయి గనక, తీగను నొక్కిన వేలికి కింద చెక్క తగలదు. వేలు తీగనూ మెట్టునూ మాత్రమే తాకుతుంది. అందుచేత తీగను మెట్టు వెంబడే సునాయాసంగా లాగవచ్చు. ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రిగారు, కాకినాడలో పుట్టిన ఆయన శిష్యుడు చిట్టిబాబుగారు వాయించిన వీణ మీరు ఎప్పుడైనా వినండి. ఒక్కసారి మీటి, ఆ నాదం ఆరిపోయేలోగా ఎన్ని స్వరాలు పలికించేవారో తెలుస్తుంది.

మామూలు గిటారు అట్లా కాదు. దాని మెట్లు పొట్టివి, కింద పలక చదునుగా ఉంటుంది. తీగను లాగేటప్పుడు వేలి చర్మం చెక్కకు కూడా రాసుకుంటుంది. ఆ రాపిడి వల్ల లాగటం కొంచెం బరువవుతుంది.

ఈ బరువును తప్పించటానికే కొందరు మెట్టుకూ మెట్టుకూ మధ్య చెక్కను దోనె ఆకారంలో తొలిపించుకున్నారు. 1942లో ఇంగ్లండులో పుట్టిన జాన్ మెక్‌లాఫ్లిన్ అనే గిటారు విద్వాంసుడు అమెరికాలో ఎస్. రామనాథన్‌గారి వద్ద వీణ నేర్చుకున్నాడు. తరువాత జాకిర్ హుస్సేన్, ఎల్. శంకర్, విక్కు వినాయకరామ్‌లతో కలిసి ‘శక్తి’ అనే బృందంలో వాయించాడు. ఆ రోజుల్లో, అంటే 1970లలో, ఆయన చేయించుకున్న గిటారుకు మెట్ల మధ్య పల్లాలుండేవి. చూశారా! మన వీణలో ఎప్పటినుంచో ఉన్న సౌకర్యం గిటారులోకి ఎట్లా వెళ్ళిందో! స్వీడన్ దేశానికి చెందిన ఇంగ్వే మాల్మ్‌స్టీన్ అనే మరొక వాద్యకారుడు అటువంటి గిటారు మీదనే మహావేగంగా వాయిస్తాడు.

ఇంత వినేసరికి మా కుర్రవాడి కళ్ళు మెరిశాయి. “అయితే అరగదీస్తాను సార్!” అన్నాడు. “తొందరపడకు. ముందు ఒక ప్రయోగం చేద్దాం,” అన్నాను. మీరూ చెయ్యండి.

మూత లేని అట్టపెట్టె ఒకటి తీసుకోండి. దాని చుట్టూ పొడుగున ఒక రబ్బరు బాండు తొడగండి. పెట్టె నోటిమీద, బాండు కింద, ఒక పెన్సిలు అడ్డంగా పెట్టండి. ఇదే మన మెట్టు. పెన్సిలుకు ఒకవైపున బాండును ఒక చేతి వేలితో మెల్లగా నొక్కి, రెండోవైపున మీటండి. ఇప్పుడు నొక్కిన వేలిని ఇంకా లోతుకు దించి మళ్ళీ మీటండి. శ్రుతి పెరిగింది గదా! తరువాత, వేలు నొక్కేచోట బాండుకు కాస్త కిందుగా వచ్చేటట్లు పెట్టెలో పుస్తకాలు పేర్చండి. ఇక వేలు లోతుకు పోలేదు. ఎంత బలంగా నొక్కినా శ్రుతి ఇదివరకంత పెరగదు.

పుస్తకాలున్న పెట్టె మామూలు గిటారు. పుస్తకాలు లేని పెట్టె పల్లాలున్న గిటారు. చదును పలక ఒక విధంగా మనకు మేలు చేస్తుంది. వేలు మొరటుగా నొక్కినా, “ఇక చాలు” అని ఆపుతుంది. పల్లంలో ఆపేవాళ్ళు లేరు. అవసరానికి మించి నొక్కితే ప్రతి స్వరమూ హెచ్చుశ్రుతిలో పలుకుతుంది. అందుచేత అటువంటి గిటారు వాయించేవారి ఎడమచెయ్యి చాలా తేలికగా ఉండాలి. తీగ మెట్టును తాకితే చాలు, అంతకుమించి బలం పెట్టకూడదు. వీణ వాయించేవారికి ఈ పొదుపు సాధనతో అలవడుతుంది.

మరి మా కుర్రవాడి చేతికి తీగ ఎందుకు లొంగలేదు? గిటార్లు బాగుచేసే ఒకాయన దగ్గరకు వెళ్ళాం. ఆయన చిన్న ఉక్కు కొలబద్దతో 12వ మెట్టు దగ్గర తీగ ఎంత ఎత్తున ఉన్నదో చూశాడు. నాలుగు మిల్లీమీటర్లు! మామూలుగా ఎలెక్ట్రిక్ గిటారుకు అక్కడ ఒకటిన్నర నుంచి రెండు మిల్లీమీటర్లుంటే చాలు. తీగ ఎత్తుగా ఉంటే వేలికి నొప్పి, పైగా అంత దూరం కిందికి నొక్కటంతో శ్రుతి కూడా చెడుతుంది. అట్లా అని మరీ దించకూడదు. అప్పుడు మోగే తీగ ముందున్న మెట్లకు తగిలి బరబరమంటుంది.

ఎత్తు ఎందుకు పెరిగింది? ఆరు తీగలూ కలిసి గిటారు మెడను సుమారు 40 కిలోల బలంతో లాగుతుంటాయి. ఆ లాగుడుకు మెడ విల్లులాగా వంగుతుంది. దాన్ని నిలబెట్టటానికి లోపల ఒక ఉక్కు కడ్డీ ఉంటుంది. చెక్క వానాకాలంలో తేమ పీలుస్తుంది, ఎండాకాలంలో వదులుతుంది. గనక ఈ కడ్డీ బిగువును అప్పుడప్పుడు సరిచూడాలి. ఆయన కడ్డీకున్న మరను చిన్న తాళంతో పావు చుట్టు తిప్పి, మెడను సరిచేశాడు. తీగలు ఆనే బ్రిడ్జిని దించాడు. లావు తీగలు తీసి సన్నవి వేశాడు. 12వ మెట్టు దగ్గర నొక్కి పలికిన స్వరం, అక్కడే నొక్కకుండా వేలు ఆనించి తీసినప్పుడు వచ్చే సన్నని నాదంతో కలిసేదాకా తీగ పొడుగు సవరించాడు. దీన్నంతటినీ గిటారువాళ్ళు ‘సెటప్’ అంటారు. వీణకు మైనం కరిగించి, మెట్లను మళ్ళీ శ్రుతికి నిలబెట్టే పనిని మనవాళ్ళు ‘మేళం కట్టటం’ అంటారు. రెంటి ధర్మమూ ఒకటే.

కుర్రవాడు గిటారు అందుకుని తీగ లాగాడు. వాడి ముఖం వికసించింది. వారమంతా వాడు తిట్టుకున్నది తన చేతిని. తప్పు చేతిది కాదు.

ఇక్కడ మీకొక పేరు చెప్పాలి. 1969లో పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్. మాండలిన్ మీద కర్ణాటక సంగీతం వాయించాలని ఆయన సంకల్పం. మామూలు మాండలిన్‌కు ఎనిమిది తీగలు జతలు జతలుగా ఉంటాయి. జతను లాగితే రెండు తీగలూ ఒకే శ్రుతిలో నిలవటం కష్టం. మీటిన నాదం కూడా త్వరగా ఆరిపోతుంది. ఆయన ఐదు ఒంటి తీగల ఎలెక్ట్రిక్ మాండలిన్ పట్టుకున్నారు. 1978లో, తొమ్మిదేళ్ళ వయసులో, గుడివాడలో తొలి కచేరీ చేశారు. పెద్దయ్యాక, ఇందాక చెప్పుకున్న మెక్‌లాఫ్లిన్ పక్కనే కూర్చుని దేశదేశాల్లో వాయించారు. 1998లో పద్మశ్రీ అందుకున్నారు. 2014లో, 45 ఏళ్ళకే, కన్నుమూశారు. పాటకు తగినట్లుగా వాద్యాన్ని మార్చుకున్నారు, మార్చుకున్న వాద్యానికి తగిన సాధనా చేశారు. రెండూ కావాలి.

తల్లిదండ్రులకు ఒక మాట. నేను ప్రధానోపాధ్యాయుడిగా ఉన్న రోజుల్లో ఒక పిల్లవాడు పాత గిటారు ఒకటి బడికి తెచ్చి, వార్షికోత్సవానికి వాయిస్తానన్నాడు. రెండు నిమిషాలు తంటాలుపడి, చెమటలు కక్కి, వేళ్ళు దులుపుకున్నాడు. “నీకు సంగీతం అబ్బదురా, చదువు చూసుకో,” అన్నాను. వాడు మళ్ళీ గిటారు ముట్టుకోలేదని తరువాత తెలిసింది. ఆ గిటారు తీగలకూ మెట్లకూ మధ్య నా చిటికెనవేలు దూరేది. అది నేను చూశాను. చూసి కూడా, దాని అర్థం తెలియక, పిల్లవాడినే తప్పుపట్టాను. అంత ఎత్తున ఉంటే పెద్ద విద్వాంసుడికైనా కష్టమే! మీ పిల్లవాడికి ఏదైనా రాకపోతే, రాదని తీర్పు చెప్పే ముందు, వాడి చేతిలో ఉన్న పనిముట్టును ఒక్కసారి కొలిచి చూడండి.

మా కుర్రవాడు ఇప్పుడు చదును పలక మీదనే తేలికగా నొక్కటం సాధన చేస్తున్నాడు. ఒక ఏడాది తరువాత కూడా పల్లాలు కావాలనిపిస్తే, పని తెలిసినవారి చేత తొలిపించుకుంటానన్నాడు. ఆకురాయిని మాత్రం మా ఇంట్లో దాచమని ఇచ్చాడు. అది నా బల్ల సొరుగులో ఉన్నది.