కార్డు కాదు, గురువు ముఖ్యం
లోతు మునకల శిక్షణకు వెళ్లేవారు తీసుకోవలసిన జాగ్రత్తలు

విశాఖపట్నం: గోదావరిలో కచ్చులూరు వద్ద 2019 సెప్టెంబరు 15న పర్యాటకుల పడవ మునిగిపోయిన దుర్ఘటనను ఈ ప్రాంతవాసులు ఇంకా మరచిపోలేదు. వరద ఉధృతి, బురద నీరు, లోతు మూడూ కలిసి గాలింపునకు అడ్డుపడ్డాయి. ధర్మాడి సత్యం బృందం లంగర్లు, ఇనుప తాళ్లు వేసి లాగగా, చివరి రోజుల్లో డైవర్లు నీట మునిగి తాళ్లు బిగించగా, అక్టోబరు 22న గాని పడవ బయటికి రాలేదు. "అంతమంది గజ ఈతగాళ్లు ఉండగా నేరుగా దిగి చూడలేరా?" అని ఆ రోజుల్లో ప్రశ్నించినవారు ఎందరో.

ఈత వేరు, లోతు వేరు అన్నదే ఆ ప్రశ్నకు సమాధానం. ఎంతటి ఈతగాడైనా లోతు నియమాలు నేర్వనిదే లోతుకు దిగరాదు. అటువంటి పనులు చేసే డైవర్ల వృత్తి వేరు, సరదా కొద్దీ సముద్రంలో మునిగేవారి దారి వేరు. అయినా ఒత్తిడికి ఆ తేడా లేదు. అది ఇద్దరి మీదా ఒకే విధంగా పనిచేస్తుంది.

ఋషికొండ తీరంలో ఇప్పుడు స్కూబా డైవింగ్ అందుబాటులో ఉన్నది. అక్కడ మొదటిసారి నీటి అడుగున ఊపిరి పీల్చి చూసిన యువకులు కొందరు ఆ తర్వాత పుదుచ్చేరికో, అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్‌కో వెళ్లి సర్టిఫికెట్లు తెచ్చుకుంటున్నారు. వారిలో కొద్దిమందికి అంతటితో తృప్తి తీరదు. ఇంకా లోతుకు పోవాలని, మునిగిన ఓడలను చూడాలని కోరిక పుడుతుంది. దీనికి టెక్నికల్ డైవింగ్ అని పేరు. మైఖేల్ మెండూనో అనే అమెరికన్ పత్రికా సంపాదకుడు 1990 దశకం ఆరంభంలో ఈ పేరును వాడుకలోకి తెచ్చాడు.

ఈ విద్య నేర్వగోరేవారు సాధారణంగా అడిగే ప్రశ్నలు మూడు: ఏ కోర్సు? ఎంత ఫీజు? ఎన్ని రోజుల్లో కార్డు వస్తుంది? "ఎవరి దగ్గర?" అన్న నాలుగో ప్రశ్న అడిగేవారు తక్కువ. నిజానికి మొదట అడగవలసినది అదే.

నలభై మీటర్ల గీత

కొత్తగా నేర్చినవారికి అనుమతించే లోతు 18 మీటర్లు. పై తరగతి పూర్తి చేస్తే 30 మీటర్లు. సరదా డైవింగ్‌కు ఆఖరు గీత 40 మీటర్లు. ఈ గీతను ఎవరో తోచినట్లు గీయలేదు.

సముద్రంలో ప్రతి 10 మీటర్లకు ఒక వాతావరణ పీడనం చొప్పున ఒత్తిడి పెరుగుతుంది. పైన ఉన్నదానితో కలిపి 40 మీటర్ల వద్ద అది 5 రెట్లు అవుతుంది. అక్కడ పీల్చే ప్రతి ఊపిరికి సిలిండరులో నుంచి 5 రెట్లు గాలి ఖర్చవుతుంది. ఒడ్డున గంట సేపు వచ్చే సిలిండరు అక్కడ 12 నిమిషాలకు మించి రాదు.

రెండవది నత్రజని. మనం పీల్చే గాలిలో నూటికి 78 పాళ్లు అదే. దాదాపు 30 మీటర్లు దాటాక అది మెదడుకు మత్తు ఎక్కిస్తుంది. కల్లు తాగినవాడి మాదిరిగా మనిషి నవ్వుకుంటాడు, లెక్క తప్పుతాడు, గడియారం చూసి కూడా టైము గ్రహించలేడు. మరింత లోతుకు పోయేవారు హీలియం కలిపిన ట్రైమిక్స్ అనే మిశ్రమాన్ని వాడేది ఈ మత్తు తగ్గించుకోవడానికే.

పైకి రావడమే అసలు విద్య

దిగడం కష్టం కాదు, బరువు కట్టుకుంటే ఎవరైనా దిగగలరు. తిరిగి పైకి రావడంలోనే ఉన్నది చిక్కంతా.

గోలీ సోడా తాగినవారికి ఇది తేలికగా బోధపడుతుంది. గోలీ నొక్కకముందు సీసాలో బుడగ కనిపించదు. నొక్కిన మరుక్షణం బుసబుసమని పొంగుతుంది. లోపల ఒత్తిడితో కరిగి ఉన్న వాయువు ఒత్తిడి తగ్గగానే బుడగలై బయటికి వస్తుంది. లోతున ఉన్నంత సేపూ డైవరు ఒంటిలో నత్రజని అదే విధంగా కరుగుతూ ఉంటుంది. అతడు గబగబా పైకి వస్తే ఆ బుడగలు రక్తంలో, కీళ్లలో, వెన్నుపాములో పుడతాయి. కీళ్ల నొప్పులు మొదలుకొని పక్షవాతం వరకు, ఒక్కొక్కప్పుడు ప్రాణాపాయం వరకు రావచ్చు.

కనుక మధ్య మధ్య నిర్ణీత లోతుల వద్ద ఆగి, ఒంటిలోని వాయువును ఊపిరి ద్వారా వదలుకుంటూ రావాలి. బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు హాల్డేన్ మేకలపై ప్రయోగాలు చేసి, ఇందుకు మొదటి పట్టికలను 1908లో ప్రకటించాడు. 50 మీటర్ల లోతున 20 నిమిషాలు గడిపినవాడు మామూలు గాలితో పైకి రావాలంటే అంతకంటే ఎక్కువ సేపే ఆగుతూ రావాలి. ఆ సమయంలో మాస్కు ఊడినా, తోటివాడి గాలి అయిపోయినా, భయం వేసినా పైకి పరుగెత్తే వీలు లేదు. తలపైన కంటికి కనిపించని కప్పు ఉన్నట్లే లెక్క. వచ్చిన చిక్కును ఉన్న చోటనే, నీళ్లలోనే తీర్చుకోవాలి.

ఆగే సమయం తగ్గించడానికి ఆక్సిజన్ ఎక్కువ గల సిలిండర్లు వేరుగా తీసుకువెళతారు. సగం ఆక్సిజన్ గల మిశ్రమాన్ని సుమారు 21 మీటర్ల నుంచి, శుద్ధ ఆక్సిజన్‌ను 6 మీటర్ల నుంచి పైకి మాత్రమే పీల్చవచ్చు. పొరపాటున అదే ఆక్సిజన్‌ను లోతున పీల్చినవాడికి మూర్ఛ వచ్చి, నోటిలోని గొట్టం జారి మునిగిపోయే ప్రమాదం ఉన్నది. ప్రతివాడూ తన సిలిండరును తానే పరీక్షించుకొని, ఎంత లోతు వరకు వాడవచ్చునో దానిపై పెద్ద అంకెలతో వ్రాసుకోవాలన్న నియమం ఇందుకే ఏర్పడింది.

కోర్సులు అనేకం

ఈ శిక్షణకు ప్రపంచమంతటా పేరున్న సంస్థలు ఉన్నాయి. 1994లో ప్రారంభమైన టి.డి.ఐ. పద్ధతిలో అడ్వాన్స్‌డ్ నైట్రాక్స్, ఆ తర్వాత 45 మీటర్ల వరకు డీకంప్రెషన్ ప్రొసీజర్స్, 60 మీటర్ల వరకు ట్రైమిక్స్, 100 మీటర్ల వరకు అడ్వాన్స్‌డ్ ట్రైమిక్స్ అని మెట్లు ఉన్నాయి. ప్యాడి సంస్థ టెక్ 40, టెక్ 45, టెక్ 50, టెక్ 65 అని లోతును బట్టి పేర్లు పెట్టింది. జి.యు.ఇ. అనే సంస్థ ముందుగా ఫండమెంటల్స్ అనే కోర్సు చేయిస్తుంది. అందులో కొత్త లోతులు చూపరు. నీటిలో కదలకుండా నిలబడటం, శరీరాన్ని అడ్డంగా సమంగా ఉంచడం, జట్టుగా మెలగడం సరిదిద్దుతారు. టెక్నికల్ స్థాయిలో ఉత్తీర్ణుడు కానివాడు ఆ పై మెట్టు ఎక్కలేడు.

సంస్థ పాఠ్యక్రమాన్ని మాత్రమే నిర్ణయిస్తుంది. నీటిలో చెప్పేది మాత్రం ఒక మనిషి. పుస్తకం ఒకటే అయినా ఒక బడిలో పిల్లలకు లెక్కలు వచ్చి, మరో బడిలో రాకపోవడం మనం ఎరిగినదే. మొదటి అడుగు వేసేవాడికి 100 మీటర్ల మాట అనవసరం. ఇప్పుడు ఉన్న మెట్టుకు పైమెట్టు ఏదో అది చాలు.

గుహ ముఖాన హెచ్చరిక

అమెరికాలోని ఫ్లోరిడాలో నీటి గుహల ముఖద్వారాల వద్ద మృత్యుదేవత బొమ్మతో హెచ్చరిక బోర్డులు పాతి ఉంటాయి. ఇటువంటి గుహల్లో 300 మందికి పైగా డైవర్లు మరణించారని, వారిలో శిక్షకులు కూడా ఉన్నారని ఆ బోర్డు చెబుతుంది. బయటి సముద్రంలో పాఠాలు చెప్పే శిక్షకులకు గుహ విద్య రాదు. రాదన్న సంగతి గుర్తించకనే వారు లోపలికి పోయారు. శిక్షకుడు అన్న బిరుదు ఒక్కటే చూసి వెంట నడవరాదన్నది దీనివల్ల తేలే నీతి.

గుహ మరణాలను పరిశీలించి షెక్ ఎక్స్‌లీ అనే డైవరు 1979లో ఒక చిన్న పుస్తకం వెలువరించాడు. బయటి వరకు దారి తాడు లేకపోవడం, తిరుగు ప్రయాణానికి గాలి మిగుల్చుకోకపోవడం, లోతు మితిమీరడం ముఖ్య కారణాలని తేల్చాడు. గాలిలో మూడో వంతు పోవడానికి, మూడో వంతు రావడానికి, మిగిలిన మూడో వంతు ఆపదకు అన్న లెక్క నేటికీ గుహ డైవర్లకు వేదవాక్కు. ఆ ఎక్స్‌లీయే 1994లో మెక్సికోలోని జకటోన్ గుండంలో అతి లోతుకు దిగి ప్రాణాలు కోల్పోయాడు. లోతుకు చిన్నా పెద్దా తేడా లేదు.

శిక్షకుడి అశ్రద్ధ ఎంత పని చేస్తుందో చెప్పడానికి 2020 నవంబరు 1న అమెరికాలో జరిగిన సంఘటన చాలు. మోంటానా రాష్ట్రంలో గ్లేసియర్ జాతీయ పార్కులోని మెక్‌డొనాల్డ్ సరస్సులో శిక్షణకు దిగిన 18 ఏళ్ల యువతి మరణించింది. చలి నీటికి తొడిగే డ్రై సూటులోకి గాలి పంపే గొట్టం తగిలించకుండానే ఆమె నీళ్లలోకి దిగింది. లోతుకు పోయేకొద్దీ సూటు ఒంటిని బిగించింది. మోసిన బరువు ఎక్కువ, వదిలించుకునే వీలు లేదు. అది టెక్నికల్ శిక్షణ కూడా కాదు. ఒడ్డున అయిదు నిమిషాలు సామాను సరిచూస్తే తప్పిపోయే ప్రమాదం.

డబ్బు కట్టకముందే అడగండి

శిక్షకుడిని ప్రశ్నించడం అమర్యాద అని మనవారు మొహమాటపడతారు. ఈ విషయంలో మొహమాటం పనికిరాదు. మంచి శిక్షకుడు ప్రశ్నలకు సంతోషిస్తాడు. విసుక్కునేవాడి దగ్గర నుంచి లేచి రావచ్చు.

"సార్, మీరు మాకు నేర్పబోయే లోతుకు సొంతంగా ఎంత తరచుగా వెళుతుంటారు? ఆఖరుసారి ఎప్పుడు వెళ్లారు?" అన్నది మొదటి ప్రశ్న. పాఠం చెప్పడానికి తప్ప నీళ్లలో దిగనివాడికి ఆ విద్య తుప్పు పట్టి ఉంటుంది. నేర్పే లోతు తన అనుభవానికి ఆఖరు మెట్టు కారాదు. దానికి మించి తెలిసినవాడై ఉండాలి.

ఆ కోర్సు చెప్పే అధికారం ఆయనకు ఈ ఏడాది చెల్లుబాటులో ఉన్నదా అన్నది రెండవది. దీనిని ఆ సంస్థనే అడిగి సరిచూసుకోవచ్చు.

ఒక జట్టులో ఎంతమంది విద్యార్థులు అన్నది మూడవది. ఇద్దరు ముగ్గురైతే కనిపెట్టుకోవచ్చు. గుంపును దింపితే వెనుకబడినవాడిని చూసేవారు ఉండరు.

నాలుగవది అన్నిటికంటే ముఖ్యం. "మీ దగ్గర తప్పినవారు ఉన్నారా?" అని అడగాలి. "మా దగ్గర అందరూ పాసే" అని గర్వంగా చెప్పేవాడు విద్య చెప్పడం లేదు, కార్డు అమ్ముతున్నాడు. "ఫలానా అభ్యాసం రానివారిని మళ్లీ రమ్మన్నాను, కార్డు ఇవ్వలేదు" అనేవాడే మీ క్షేమం కోరేవాడు. నేడు ఒడ్డున మీ మనసు నొప్పించినా రేపు నీళ్లలో మీ ప్రాణం నిలిపేది అతడే.

పడవలో ఆక్సిజన్ ఉన్నదా, సమీపంలో రోగిని మళ్లీ ఒత్తిడికి గురిచేసి చికిత్స చేసే ఛాంబరు ఎక్కడ ఉన్నది, అక్కడికి ఎంత సేపట్లో చేర్చగలరు అన్నవి కూడా తప్పక అడగాలి. ఈ జవాబులు నాలుక చివర ఉండాలి. వెతుక్కుంటే సందేహించవలసిందే.

వీలైతే పూర్తి ఫీజు కట్టకముందు ఒక రోజు ఆయనతో మామూలు మునకకు వెళ్లడం మేలు. ఒడ్డున సామాను ఎలా సరిచూస్తున్నాడు, ముందుగా అనుకున్న టైముకు, లోతుకు కట్టుబడుతున్నాడా, తోటివారిని వెనుదిరిగి చూస్తున్నాడా అన్నవి గంటలో తెలిసిపోతాయి. ఆయన దగ్గర లోగడ నేర్చినవారిని కలిస్తే మరీ మంచిది.

తన్ను తాను తూచుకోవాలి

గురువును పరీక్షించే ముందు శిష్యుడు తన్ను తాను పరీక్షించుకోవాలి. పట్టుకోవడానికి ఏ ఆధారం లేకుండా 6 మీటర్ల వద్ద పది నిమిషాలు కదలక నిలబడగలడా? మాస్కు తీసి మళ్లీ పెట్టుకుంటున్నప్పుడు లోతు మారకుండా ఉండగలడా? వీపున జంట సిలిండర్ల వాల్వులను చేతులు వెనక్కి పెట్టి కట్టగలడా? ఇవి రానివాడు ఇంకొంత కాలం తక్కువ లోతులోనే సాధన చేయడం మంచిది. గుండె, ఊపిరితిత్తుల విషయంలో డాక్టరు పరీక్ష తప్పనిసరి.

మరొక్క సంగతి. అండమాన్ వెళ్లినవారు సెలవు కలిసి వస్తుందని ఆఖరు రోజు ఉదయం మునిగి సాయంత్రం విమానం ఎక్కరాదు. విమానంలో గాలి ఒత్తిడి తగ్గుతుంది, గోలీ సోడా కథ మళ్లీ మొదలవుతుంది. ఆగుతూ పైకి వచ్చే మునకల తర్వాత కనీసం 24 గంటల విరామం ఉండాలి. నాలుగు రోజుల కోర్సును మూడు రోజుల్లో ముగిస్తామని చెప్పేవారిని నమ్మరాదు.

దిగితే గాని లోతు తెలియదని సామెత. ఈ విద్యలో ఆ సామెత చెల్లదు. దిగకముందే లోతు తెలియాలి. అంతకంటే ముందు దింపే మనిషి తెలియాలి.