జబ్బుపడటానికి వీల్లేని చోటు

అంటార్కిటికాలో ఏడాది ఉండి రావాలంటే ఎంత చదువుకున్నా చాలదు. పంటి నుంచి పిత్తాశయం దాకా, ఆ పైన మనసు దాకా డాక్టర్లు తరచి చూసి సంతకం పెట్టాలి.

దక్షిణ అమెరికా కొసకు దిగువన, అంటార్కిటికాకు చేరువలో కింగ్ జార్జ్ దీవి ఉంది. చిలీ ప్రభుత్వం 1984లో అక్కడ ఓ చిన్న ఊరు కట్టింది. పేరు విల్లా లాస్ ఎస్ట్రెల్లాస్. బడి పెట్టారు, తపాలా ఆఫీసు పెట్టారు, పక్కనే చర్చి. సైనికోద్యోగుల కుటుంబాలు అక్కడ కాపురం ఉండేవి. అయితే సామాన్లు సర్దుకునే ముందే ఇంటిల్లిపాదీ, పిల్లలతో సహా, ఆస్పత్రికి వెళ్లి అపెండిక్స్ తీయించుకోవాల్సి ఉండేది. నొప్పి లేదు, జ్వరం లేదు, ఏ రోగమూ లేదు. అయినా కోత తప్పేది కాదు.

విన్నవాళ్లకు ఇది చోద్యంగా ఉంటుంది. మన పల్లెల్లో ఇరవై నాలుగు గంటల కడుపునొప్పి అంటారే, అది అక్కడ మొదలైతే పెద్దాస్పత్రి వెయ్యి కిలోమీటర్ల పైమాటే. మధ్యలో డ్రేక్ జలసంధి. గాలివాన పట్టుకుంటే విమానం లేచేది ఎప్పుడో ఎవరూ చెప్పలేరు. ఊళ్లో డాక్టర్లున్నా పెద్ద ఆపరేషన్లకు కావలసిన హంగులుండవు. అంచేత రోగం రాకముందే దాని చోటు ఖాళీ చేయించారు.

గల్ఫ్‌కు వెళ్లేవాళ్లున్న ఇళ్లలో ‘మెడికల్’ అన్న మాట తెలియనివాళ్లుండరు. ఫిట్టా, అన్‌ఫిట్టా అని కాగితం వచ్చేదాకా కంటిమీద కునుకుండదు. ఆ పరీక్ష మనిషి పని చెయ్యగలడా, అంటురోగాలేమైనా ఉన్నాయా అని చూస్తుంది. ధ్రువప్రాంతాలకు వెళ్లేవాళ్ల పరీక్షలోనూ అవన్నీ ఉంటాయి కానీ అసలు లెక్క వేరే. ఈ మనిషికి అక్కడ ఏదైనా అయితే తీసుకురావడానికి ఎంతమంది ప్రాణాలకు తెగించాలి? డాక్టరు పెన్ను ఆగేది ఆ ప్రశ్న దగ్గరే. మందు బిళ్లతో ఇక్కడ హాయిగా నెట్టుకొచ్చే మనిషిని కూడా అక్కడికి వద్దనేది అందుకే. వద్దన్నంత మాత్రాన అతను రోగిష్టి అయిపోడు.

మైత్రికి ఇరుగింట్లో

ఈ నియమాల వెనక కథలున్నాయి. 1950లో హిందూ మహాసముద్రం దక్షిణ కొసన ఉన్న హర్డ్ దీవిలో ఆస్ట్రేలియా బృందానికి ఉన్న ఒక్కగానొక్క డాక్టరుకే అపెండిసైటిస్ వచ్చింది. అతన్ని తీసుకురావడానికి చలికాలపు తుపాను సముద్రంలోకి ‘ఆస్ట్రేలియా’ అనే యుద్ధనౌకను పంపాల్సి వచ్చింది. శీతకాలం గడపబోయే డాక్టర్లు ముందే అపెండిక్స్ తీయించుకోవాలనే నిబంధనను ఆస్ట్రేలియా నేటికీ పాటిస్తోంది. మిగతావాళ్లకు ఆ పట్టింపు లేదు, వాళ్లకు ఆపరేషన్ చెయ్యడానికి డాక్టరు ఉంటాడు కదా. మరి డాక్టరుకు ఎవరున్నారు?

ఈ ప్రశ్నకు 1961లో లియోనిద్ రొగోజొవ్ జవాబు చెప్పాడు. సోవియట్ స్థావరం నొవొలజరెవ్‌స్కయాలో ఆయనే డాక్టరు, వయసు 27. ఏప్రిల్ 29న కడుపులో నొప్పి మొదలైంది. మర్నాటికి తన జబ్బేమిటో తనకే స్పష్టమైపోయింది. బయట మంచు తుపాను. ఆ రాత్రి స్పర్శ పోవడానికి సూదిమందు వేసుకుని, సగం పడుకుని సగం కూర్చుని, తన పొట్ట తనే కోసుకున్నాడు. వాతావరణ పరిశీలకుడు పనిముట్లు అందించాడు. డ్రైవరు అద్దం పట్టుకున్నాడు. వాళ్లలో ఎవరైనా కళ్లు తిరిగి పడిపోతే చూసుకోవడానికి స్థావరం పెద్ద పక్కన నిలబడ్డాడు. అద్దంలో కుడి ఎడమలు తారుమారై తికమక పెట్టడంతో చాలావరకు చేతి స్పర్శతోనే పని కానిచ్చాడు. నడిమధ్యలో నీరసం కమ్మితే కాసేపు ఆగడం, మళ్లీ మొదలెట్టడం. గంటా ముప్పావులో కుట్లు కూడా వేసేసుకున్నాడు. రెండు వారాలకల్లా తిరిగి డ్యూటీలో ఉన్నాడు.

సాహసగాథగా ఈ కథ లోకమంతా తిరిగింది. ఆరోగ్య పరీక్షలు చేసేవాళ్లకు మాత్రం ఇది సాహసం కాదు, మరోసారి జరగకూడని సంగతి. ఆ తర్వాత సోవియట్ యాత్రల్లో పరీక్షలు బిగుసుకున్నాయి. మనవాళ్లకు ఈ కథ మరీ దూరపుదేం కాదు. షిర్మాకర్ ఒయాసిస్‌లో 1989 నుంచి పనిచేస్తున్న మన ‘మైత్రి’ స్థావరానికీ ఆ రష్యన్ స్థావరానికీ మధ్య దూరం నాలుగు కిలోమీటర్ల లోపే.

ఢిల్లీలో పరీక్ష, ఔలీలో పరీక్ష

భారత యాత్రలను గోవాలోని జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం నడుపుతుంది. ఎంపికైనవాళ్లు ఢిల్లీ ఎయిమ్స్‌లో వైద్య పరీక్షలు, వాటితోపాటు మానసిక పరీక్షలు దాటాలి. ఆ తర్వాత ఉత్తరాఖండ్‌లోని ఔలీలో ఐటీబీపీ పర్వతారోహణ శిక్షణ. బరువు మోసుకుంటూ మంచులో ఎక్కించి, దింపి, నడిపించి చూస్తారు. కాగితం మీద ఫిట్ అయిన మనిషి తొమ్మిది వేల అడుగుల ఎత్తున ఎలా ఉంటాడో అక్కడ బయటపడుతుంది. శరీరం సంగతి అలా ఉంచితే, అలసిపోయి ఆకలేసినప్పుడు పక్కవాడితో ఎలా మాట్లాడతాడన్నదీ అక్కడే తేలుతుంది.

ఈ దారిలో వెళ్లినవారే ఇస్రో శాస్త్రవేత్త మంగళ మణి. లార్స్‌మన్ హిల్స్‌లోని ‘భారతి’ స్థావరంలో ఉపగ్రహాల సమాచారం అందుకునే గ్రౌండ్ స్టేషన్ ఉంది. ఆ సమాచారం చేరేది హైదరాబాద్ పక్కనున్న షాద్‌నగర్ కేంద్రానికే. ఆ స్టేషన్ పని మీద 2016 నవంబరులో వెళ్లి, 23 మంది బృందంలో ఒకే ఒక్క మహిళగా 403 రోజులు గడిపి వచ్చారు. అప్పుడామె వయసు 56. యాభై దాటగానే మోకాళ్ల నొప్పుల లెక్కలు మొదలెట్టే మన సమాజంలో ఈ అంకెను కాస్త గట్టిగానే చెప్పుకోవాలి. చూడాల్సింది పుట్టిన తేదీని కాదు, గుండెను, ఎముకను, నిబ్బరాన్ని.

పన్ను, పిత్తాశయం, నెత్తురు

అమెరికా అంటార్కిటిక్ కార్యక్రమంలో ఈ తతంగాన్ని అందరూ ‘పీక్యూ’ (ఫిజికల్లీ క్వాలిఫైడ్) అంటారు. దాటనివాళ్లు ‘ఎన్‌పీక్యూ’. ఉద్యోగం చేతికొచ్చి, పెట్టె సర్దుకున్నాక ఆ మూడక్షరాలు పడితే కథ ముగిసినట్టే. మినహాయింపు కోరుతూ అర్జీ పెట్టుకోవచ్చు, కానీ శీతకాలం ఉండేవాళ్లకు అది దొరకడం కష్టం.

కొత్తగా వెళ్లేవాళ్లు ఆశ్చర్యపోయేది పళ్ల దగ్గర. ఎక్స్‌రేలు తీస్తారు. పుచ్చినవీ, పుచ్చబోయేవీ, ఇరుక్కున్న జ్ఞానదంతాలూ ముందే బాగుచేయించుకోవాలి. చాలా స్థావరాల్లో చలికాలం దంతవైద్యుడుండడు, మామూలు డాక్టరే నాలుగు రోజులు నేర్చుకున్న పంటి వైద్యం చేస్తాడు. రాత్రి పదింటికి పన్ను సలిపితే లవంగం నూనె పెట్టుకుని తెల్లారాక క్లినిక్‌కు వెళ్లడం మనకు అలవాటు. అక్కడ ‘తెల్లారడానికే’ నెలలు పట్టవచ్చు.

పిత్తాశయానిదీ ఇలాంటి కథే. 2001 ఏప్రిల్‌లో దక్షిణ ధ్రువ స్థావరం డాక్టరు రాన్ షెమెన్‌స్కీకి పిత్తాశయ రాళ్ల వల్ల క్లోమం వాచింది. అప్పటికే శీతకాలం దిగింది. అంత చలిలో పెద్ద విమానాల ఇంధనం, హైడ్రాలిక్ నూనె చిక్కబడిపోతాయి. చివరకు ట్విన్ ఆటర్ అనే చిన్న విమానం చీకట్లో దిగి ఆయన్ని తెచ్చింది. ఇప్పుడు శీతకాలానికి వెళ్లేవాళ్ల పరీక్షల్లో పిత్తాశయానికి అల్ట్రాసౌండ్ కూడా ఉంది.

నెత్తురు సంగతీ చెప్పుకోవాలి. మారుమూల స్థావరాల్లో బ్లడ్ బ్యాంకు ఉండదు, అక్కడున్న మనుషులే బ్లడ్ బ్యాంకు. అందుకే ఎవరి గ్రూపు ఏమిటో, ఎవరి రక్తం ఎవరికి పనికొస్తుందో, అందులో ఏ వైరస్సూ లేదని ముందే తేల్చుకుంటారు. ఆస్ట్రేలియా ఇంకో అడుగు ముందుకేసి, ప్రతి శీతకాల బృందం నుంచి కొందరిని హోబార్ట్ ఆస్పత్రికి పంపి రెండు వారాలు తర్ఫీదిస్తుంది. వంటవాడో ప్లంబరో అవసరమైతే మత్తుమందు ఇచ్చేచోట సాయానికి నిలబడాలి మరి.

ఎక్స్‌రేకు అందనిది

ఇన్ని పరీక్షలూ ఒక ఎత్తు, మనసు ఒక ఎత్తు. 1950లలో అమెరికా నౌకాదళం అంటార్కిటికాలో స్థావరాలు కడుతున్న రోజుల్లో, ఒక శిబిరంలో ఒకాయనకు మతి చెదిరింది. పంపేయడానికి దారి లేదు. మందుల గది పక్కన పరుపులు అతికించిన గది కట్టి చలికాలమంతా అందులోనే ఉంచారు. మానసిక పరీక్షలు ఆ అనుభవం తర్వాతే గట్టిపడ్డాయి.

వీటిపై ఏళ్ల తరబడి పనిచేసిన నౌకాదళ మనస్తత్వవేత్త ఎరిక్ గండర్సన్ మూడు సంగతులు చూడమన్నాడు: పని బాగా చేస్తాడా, ఉద్వేగాలు అదుపులో ఉంటాయా, నలుగురితో కలుస్తాడా. మూడోది కనిపెట్టడమే కష్టం. గంటసేపు ఇంటర్వ్యూలో అందరూ మంచివాళ్లే. అయిదో నెలలో, సూర్యుడు లేని పగటిపూట, ఎదుటివాడు పళ్లెంలో చెంచా మోగించే చప్పుడుకు ఒళ్లు మండినప్పుడు ఎవరేమిటో తెలుస్తుంది. ఇన్ని వడపోతలు దాటి వెళ్లినవాళ్లలోనూ శీతకాలం చివరికి సుమారు 5 శాతం మందిలో చికిత్స చెయ్యదగిన మానసిక సమస్యలు కనిపించాయని లారెన్స్ పలింకాస్ బృందం అధ్యయనంలో తేలింది. ఆశ్చర్యమేమీ లేదు. నిద్ర చెదురుతుంది, థైరాయిడ్ తీరు మారుతుంది, మాట మధ్యలో మరుపొస్తుంది, శూన్యంలోకి చూస్తూ ఉండిపోతారు.

ఈ పరీక్షల్లో నాకు కొరుకుడుపడనిది మరొకటి ఉంది. నిజం చెబితే ఉద్యోగం పోతుందన్న భయం ఉన్నచోట ఎవరు నిజం చెబుతారు? పదేళ్ల కిందట నిద్రమాత్రలు వాడానని చెప్పుకున్న మనిషి ఆగిపోవచ్చు, దాచినవాడు విమానం ఎక్కవచ్చు. నిజాయితీకి శిక్ష పడకుండా చూడటం పరీక్ష రాసేవాడి చేతిలో లేదు, దిద్దేవాళ్ల చేతిలోనే ఉంది.

అన్నీ సవ్యంగా ఉన్నా జరిగేది జరుగుతుంది. దక్షిణ ధ్రువంలో 1999 శీతకాలం గడిపిన డాక్టరు జెరీ నీల్సెన్ అన్ని పరీక్షలూ దాటి వెళ్లినవారే. దారులు మూసుకుపోయాక రొమ్ములో గడ్డ తగిలింది. తోటివాళ్ల సాయంతో తన నమూనా తనే తీసుకున్నారు. ఉపగ్రహం ద్వారా అమెరికా డాక్టర్లతో మాట్లాడుతూ, జులైలో విమానం చీకట్లో జారవిడిచిన మందులతో కీమోథెరపీ తనకు తనే చేసుకున్నారు. అక్టోబరు 16న, సుమారు మైనస్ 50 డిగ్రీల చలిలో విమానం దిగి ఆమెను తీసుకెళ్లింది. మరో పదేళ్లు బతికి 2009లో కన్నుమూశారు. బయల్దేరిన నాటి ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌లో తప్పేమీ లేదు. అది సంతకం పెట్టిన రోజు సంగతి మాత్రమే చెప్పగలదు.

అందుకే ఆ కాగితానికి ఆయుష్షు తక్కువ. ధ్రువంలో ఎన్ని చలికాలాలు గడిపిన పాతకాపైనా సరే, ఇంటికొచ్చి మళ్లీ వెళ్తానంటే ఎక్స్‌రే, నెత్తురు, పళ్లు, ప్రశ్నలు అన్నీ మళ్లీ మొదటినుంచే.