ఇంగ్లండు గ్రామకుటుంబ చరిత్ర – పారిష్ రిజిస్టరులు

ఇంగ్లండున ఒక చర్చికి చెందిన గ్రామప్రాంతమును పారిష్ అందురు. అందలి సామాన్య కుటుంబముల చరిత్రకు ముఖ్యాధారము ఆ చర్చి రిజిస్టరు. జ్ఞానస్నానములను, వివాహములను, ఖననములను వ్రాసియుంచవలెనని 1538లో ఎనిమిదవ హెన్రీ మంత్రి థామస్ క్రామ్వెల్ ఆజ్ఞాపించెను. పాత పుటలను తోలుపత్రములపై ఎత్తి వ్రాయవలెనని 1598లో మరల ఆజ్ఞ వెడలినది. ముఖ్యముగా ఎలిజబెత్తు రాజ్యారంభము నుండి వ్రాయుడని అందుండుటచే, పెక్కుచోట్ల 1558కి పూర్వపు పుటలను విడిచివైచిరి. ఒక్క మాటవలన ఇరువది యేండ్ల జనుల పేర్లు నశించెను!

ఈ రిజిస్టరులను చదువువాడు సంవత్సరగణనమునందు మిక్కిలి జాగరూకుడై యుండవలెను. 1752కు పూర్వము ఇంగ్లండున సంవత్సరము మార్చి 25వ తేదీన ఆరంభమయ్యెడిది. 1700 మే నెలలో పెండ్లియైన దంపతుల బిడ్డకు 1700 ఫిబ్రవరిలో జ్ఞానస్నానమైనట్లున్నచో, ఆ బిడ్డ వివాహమునకు ముందే పుట్టెనని తోచును. నిజమునకు ఆ ఫిబ్రవరి మే తరువాతిది. నేటి లెక్కకు 1701. చైత్రముతో మొదలిడి ఫాల్గునముతో ముగించు మనకిది వింత గాదు. అయినను ఈ పొరపాటున నిర్దోషురాలగు ఒక తల్లికి అపవాదు కలుగవచ్చును. కావుననే శ్రద్ధగల పరిశోధకులు 1700/1 అని రెండు విధముల వ్రాయుదురు.

రిజిస్టరు పేరును, తేదీని చెప్పును. మనిషి నడవడిని చెప్పదు. ఆ కొరతను తీర్చు అపూర్వగ్రంథ మొకటి ష్రాప్‌షైరులోని మిడిల్ గ్రామమునకు కలదు. రిచర్డ్ గాఫ్ అను అరువది దాటిన చిన్న భూస్వామి 1700–1702 ప్రాంతమున దానిని రచించెను. చర్చిలోని ఆసనముల పటము గీసి, ఏ ఆసనము ఏ యింటిదో తెలుపుచు, ఆ యింటి వంశకథను చెప్పుకొని పోయెను. అచ్చట ఆసనములు ఇండ్లకును భూములకును చెందినవి; కలవారు ముందును, గుడిసెవారు వెనుకను కూర్చుండెడివారు. త్రాగుబోతులను, దొంగలను, ఆస్తి పోగొట్టుకొన్నవారిని గాఫ్ దాచలేదు. డేవిడ్ హే 1974లో ప్రకటించిన తన గ్రంథమున ఈ వృద్ధుని మాటలను రిజిస్టరులు, వీలునామాలు మొదలగువానితో సరిచూచెను. అవి చాలవరకు నమ్మదగినవిగనే తేలినవి.

ఊరూర తిరిగి కూలిచేసికొను పేదలకు ఇట్టి ఆసనము లేదు. 1662 నాటి చట్టము ననుసరించి, పోషణభారము మీదపడునని తోచిన పరవారిని వారి స్వంత పారిషునకు పంపివేసెడివారు. అందులకై న్యాయాధికారులు, ఎచట పుట్టితివి, ఎవరియొద్ద ఏడాది కొలువుంటివి అని ప్రశ్నించి వాఙ్మూలము వ్రాసికొనెడివారు. వెళ్లగొట్టుటకై వ్రాసిన ఆ కాగితములందే ఎందరో సేవకుల, విధవల జీవితవృత్తాంతములు మిగిలియున్నవి. అవి నేడు చాలవరకు కౌంటీల దస్తావేజు భాండాగారములందు లభించును.