తాతయ్య కారులో మనవరాలి సీటు: ఎందుకు? ఎలా?

మా పిల్లలంతా మా ఒళ్లో కూర్చునే తిరిగారు. ఇప్పుడీ సీటు ఎందుకు?

అమ్మమ్మలు, నాయనమ్మలు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. న్యాయమైన ప్రశ్నే కాబట్టి జవాబు కూడా తీరిగ్గా చెప్పాలి.

కారు గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతూ దేన్నైనా గుద్దుకుంటే, దాదాపు సెకనులో పదో వంతులో ఆగిపోతుంది. ఆగేది కారు మాత్రమే. లోపల ఉన్నవాళ్లు అదే వేగంతో ముందుకు పోతూనే ఉంటారు. పది కిలోల బిడ్డను ఆ క్షణంలో ఆపి పట్టుకోవాలంటే చేతుల మీద పడే భారం సుమారు 140 కిలోలు. ఎంత బలమున్న మనిషైనా, ఎంత ప్రేమ ఉన్న మనిషైనా దాన్ని పట్టుకోలేరు. ఇంకో మాట చెప్పడానికే కష్టంగా ఉంది, కానీ చెప్పాలి. అమ్మమ్మ బెల్టు పెట్టుకోకపోతే ఆమె బరువంతా వెళ్లి బిడ్డ మీదే పడుతుంది. ఇద్దరికీ కలిపి ఒకే బెల్టు చుట్టినా అంతే, మధ్యలో నలిగేది పసిప్రాణమే. అందుకే ఒళ్లో కూర్చోబెట్టుకోవడం అనేది, ఊళ్లోనే తిరిగినా సరే, ఇక మానేయాల్సిన అలవాటు.

చట్టం కూడా ఇదే చెబుతోంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం 14 ఏళ్ల లోపు పిల్లలకు సీటు బెల్టు గానీ, పిల్లల సీటు గానీ లేకుండా కారు నడిపితే వెయ్యి రూపాయల జరిమానా. వెయ్యి రూపాయలకు భయపడి ఎవరూ సీటు కొనరు, కొననక్కర్లేదు కూడా. పైన చెప్పిన లెక్క చాలు.

చంటిపిల్లల సీటు వెనక్కి తిప్పి పెడతారెందుకు? మొహం కనపడదు కదా!

మెడ కోసం. పసిపిల్లల తల ఒంటితో పోలిస్తే చాలా బరువు. మెడ ఎముకలు ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండవు, మధ్యలో మృదులాస్థి ఉంటుంది. ముందుకు చూస్తూ కూర్చున్న బిడ్డకు భుజాలను బెల్టు ఆపుతుంది గానీ తలను ఏదీ ఆపదు, ఆ లాగుడంతా మెడ మీద పడుతుంది. వెనక్కి తిప్పి కూర్చోబెడితే తల, మెడ, వీపు మూడూ ఒకేసారి సీటు వీపులోకి ఒదుగుతాయి. స్వీడన్‌లో బెర్టిల్ ఆల్డ్‌మన్ అనే ఆచార్యుడు 1960ల్లో ఇలాంటి సీటు తయారుచేసి పరీక్షించారు. రాకెట్ ఎక్కే వ్యోమగాములను వీపు మీద భారం పడేలా పడుకోబెట్టడం చూసి ఆయనకు ఆ ఆలోచన వచ్చింది.

ఐరోపాలో ఆర్129 అనే కొత్త ప్రమాణం ప్రకారం 15 నెలలు నిండేదాకా వెనక్కి తిప్పే కూర్చోబెట్టాలి. అమెరికా పిల్లల వైద్యుల సంఘమైతే, సీటు మీద రాసిన బరువు, ఎత్తుల పరిమితి దాటేదాకా వెనక్కే ఉంచమంటుంది. మన దుకాణాల్లో దొరికే చాలా సీట్ల మీద పాత ప్రమాణం లెక్కన తొమ్మిది కిలోలు దాటగానే ముందుకు తిప్పవచ్చని ఉంటుంది. బొద్దుగా ఉన్న బిడ్డ ఎనిమిదో నెలకే తొమ్మిది కిలోలు ఉండొచ్చు, అయినా మెడ ఎనిమిది నెలల మెడే. తొందరపడకండి. కాళ్లు ముడుచుకుని కూర్చుంటుందని దిగులు పడకండి, పిల్లలకు అలా కూర్చోవడం హాయిగానే ఉంటుంది.

మాది పాత కారు. ఏ సీటు బిగుస్తుంది?

అసలు చిక్కు ఇక్కడుంది. పిల్లల సీటును కారుకు బిగించే పద్ధతులు రెండు. ఒకటి ఐసోఫిక్స్. కారు వెనక సీటులో వీపు, కూర్చునే భాగం కలిసే సందులో రెండు ఇనుప కడ్డీలు ఉంటాయి, సీటు కొక్కేలు వాటిని టక్కున పట్టుకుంటాయి. రెండోది మామూలు సీటు బెల్టుతోనే కట్టడం. తాతయ్య కారు పదేళ్ల కిందటిదైతే ఆ కడ్డీలు ఉండకపోవచ్చు. సందులో చెయ్యి పెట్టి తడిమి చూడండి, కారు పుస్తకం కూడా తిరగేయండి. కడ్డీలు లేకపోయినా బెంగ లేదు. బెల్టుతో సరిగ్గా బిగించిన సీటు కూడా గట్టి రక్షణే. ఐసోఫిక్స్ గొప్పతనమల్లా బిగించేటప్పుడు పొరపాటు జరిగే అవకాశం తక్కువ, అంతే.

తాతయ్య కారుకు నేను సూచించేది రెండు పద్ధతులకూ పనికొచ్చే సీటు, లేదా బెల్టుతో బిగించేది. రేపు మేనమామ కారులో వెళ్లాల్సి వచ్చినా, టాక్సీ పిలవాల్సి వచ్చినా అది పనికొస్తుంది. పుట్టినప్పటి నుంచి 18 కిలోల దాకా, ముందు వెనక్కి తిప్పి, తర్వాత ముందుకు తిప్పి వాడుకునే రకం తీసుకుంటే నాలుగేళ్ల దాకా మళ్లీ కొనే పని ఉండదు. నాలుగేళ్లు దాటి, 15 కిలోలు మించి, కుదురుగా కూర్చోగలిగిన పిల్లకు వీపు ఉన్న బూస్టర్ సీటు సరిపోతుంది. దాని పనల్లా పిల్లను ఎత్తులో కూర్చోబెట్టి, కారు బెల్టు మెడకు కాకుండా భుజానికి, పొట్టకు కాకుండా తుంటికి తగిలేలా చేయడం. దానికి భుజం మీదుగా వచ్చే బెల్టు తప్పనిసరి. పాత కార్లలో వెనక నడిమి సీటుకు నడుం బెల్టు ఒక్కటే ఉంటుంది కాబట్టి అక్కడ బూస్టర్ పెట్టకూడదు. సుమారు 145 సెంటీమీటర్ల ఎత్తు వచ్చేదాకా బూస్టర్ వాడాలి. పదేళ్ల పిల్లలకు కూడా చాలామందికి ఆ ఎత్తు రాదు.

పుట్టినప్పటి నుంచి పన్నెండేళ్ల దాకా ఒకటే సీటు అని అమ్మేవి చూసి మురిసిపోకండి. అన్ని వయసులకూ కుదిరే సీటు ఏ వయసుకూ సరిగ్గా కుదరకపోవచ్చు. బరువు కూడా ఎక్కువ.

అమ్మాయి అమెరికా నుంచి సీటు తెస్తానంటోంది. అది చాలదా?

చాలవచ్చు, కానీ ఒక సంగతి చూసుకోవాలి. అమెరికా కార్లలో 1990ల మధ్య నుంచి వెనక బెల్టు పూర్తిగా లాగి వదిలితే బిర్రుగా పట్టుకుని ఉండే ఏర్పాటు ఉంది. అక్కడి సీట్లు చాలావరకు ఆ ఏర్పాటును నమ్ముకుని చేసినవే. మన కార్లలో బెల్టు సాధారణంగా అలా పట్టదు, గట్టిగా బ్రేకు పడినప్పుడే పట్టుకుంటుంది. అప్పుడు సీటు వదులుగా ఊగుతూ ఉంటుంది. దీనికి మందు రెండు రకాలు: బెల్టును పట్టి ఉంచే బిగింపు సీటులోనే ఉండాలి, లేదా బకిల్ దగ్గర బెల్టుకు తగిలించే చిన్న ఇనుప క్లిప్పు ఉండాలి. ఆ క్లిప్పు సీటుతో వస్తుందో లేదో అక్కడే కనుక్కోమనండి. శంషాబాద్‌లో దిగి, నిద్ర చాలని పాపతో నాలుగైదు గంటలు విజయవాడ దాకా రావాల్సినప్పుడు ఇది తేలకూడదు.

మాకు మోకాళ్ల నొప్పులు, వేళ్లలో పట్టు తగ్గింది. మావల్ల అవుతుందా?

సీటు కొనేవాళ్లు మరిచిపోయే ప్రశ్న ఇది, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది కూడా. ఎంత ఖరీదైన సీటైనా, దాని బకిల్ తాతయ్య వేళ్లకు లొంగకపోతే ఒకరోజు పెట్టకుండానే బయల్దేరతారు. పిల్లలు విప్పుకోకుండా ఉండాలని బకిల్ మీది ఎర్ర బటన్‌ను కావాలనే గట్టిగా చేస్తారు. దుకాణంలో కొడుకో అల్లుడో కాదు, రోజూ పాపను బడికి దింపేవాళ్లే దాన్ని నొక్కి చూడాలి. పట్టీలు బిగించే తాడు ఒక్క చేత్తో లాగితే వస్తుందా, భుజాల ఎత్తు మార్చడానికి సీటంతా ఊడదీయాలా అన్నదీ చూడండి. నడుం వంచలేనివాళ్లకు తలుపు వైపు తిరిగే సీట్లు చాలా సుఖం. ధర ఎక్కువే, రోజూ వాడే ఇంట్లో ఆ డబ్బు దండగ కాదు.

ఎక్కడ పెట్టాలన్నదానికి జవాబు తేలిక. వెనక సీటులో ఎడమ వైపు, అంటే రోడ్డు పక్కకు దింపుకునే వైపు. డ్రైవరు వెనక అమ్మమ్మ కూర్చుంటే పాప పక్కనే ఉన్నట్టవుతుంది. వెనక్కి తిప్పిన సీటు చిన్న కారులో ముందు సీటును ముందుకు నెడుతుంది కాబట్టి పొడుగ్గా ఉన్నవాళ్లకు అక్కడ కాళ్లు పట్టవు. కొనేముందే కారులో పెట్టి చూడండి. ఎయిర్ బ్యాగ్ పనిచేస్తున్న ముందు సీటులో, వెనక్కి తిప్పిన సీటు ఎప్పుడూ పెట్టకూడదు. బ్యాగ్ తెరుచుకుంటే నేరుగా బిడ్డ తల వెనక ఉన్న సీటు వీపును గుద్దుతుంది.

సరిగ్గా బిగిసిందని ఎలా తెలుస్తుంది?

బెల్టు దూరిన చోట సీటును పట్టుకుని పక్కలకు, ముందుకు లాగండి. అంగుళం కన్నా ఎక్కువ కదిలితే వదులుగా ఉన్నట్టే. మోకాలితో సీటును అదిమి, అదే సమయంలో బెల్టు లాగితే బిగుస్తుంది. మోకాలు సహకరించకపోతే ఇంట్లో వయసులో ఉన్నవాళ్ల చేత ఒకసారి బిగించి వదిలేయండి, మాటిమాటికీ తీయకండి. పాపను కూర్చోబెట్టాక భుజం దగ్గర పట్టీని రెండు వేళ్లతో గిల్లి చూడండి, మడత దొరికితే ఇంకా బిగించాలి. వెనక్కి తిరిగిన సీటులో పట్టీలు భుజాల ఎత్తులో గానీ కాస్త కింద నుంచి గానీ రావాలి, ముందుకు తిరిగిన సీటులో భుజాల ఎత్తులో గానీ కాస్త పైనుంచి గానీ రావాలి.

మెత్తగా ఉంటుందని పాప కింద పాత చీర మడత, వీపు వెనక దిండు పెట్టడం మన ఇళ్లలో మామూలు. వద్దు. గుద్దుకున్నప్పుడు ఆ మెత్తదనం అణిగిపోయి పట్టీలు వదులవుతాయి. అమెరికాలో ఉన్న తాతలు చలికి లావు కోటు తొడిగి బిగించినా ఇదే జరుగుతుంది. ముందు బిగించి, తర్వాత పైన దుప్పటి కప్పండి.

మండువేసవిలో ఎండలో నిలిపిన కారులో బకిల్ చర్మాన్ని కాల్చేస్తుంది. దిగేటప్పుడు సీటు మీద తెల్లటి గుడ్డ కప్పి, ఎక్కించే ముందు చేత్తో తాకి చూడండి. నిద్రపోయిందని బిడ్డను ఆగిన కారులో ఐదు నిమిషాలు కూడా వదలకండి. పది నిమిషాల్లో లోపలి వేడి పది డిగ్రీలు పెరుగుతుంది.

ఏడిస్తే?

ఏడుస్తుంది. ముందు వారం రోజులు సీటును హాల్లో పెట్టి, అందులో కూర్చోబెట్టి ఆడించండి. దూర ప్రయాణంలో రెండు గంటలకోసారి ఆగి, ఎత్తుకుని, పాలు పట్టి మళ్లీ కూర్చోబెట్టండి. విజయవాడ దారిలో సూర్యాపేట దాకా ఆగలేకపోతే ముందే ఎక్కడైనా ఆగండి. కదులుతున్న కారులో మాత్రం పట్టీ విప్పకండి.

పక్కింటివాళ్ల పాత సీటు తీసుకోవచ్చా?

ప్రమాదంలో పడలేదని వాళ్లు ఖాయంగా చెప్పగలిగితే, అడుగున ముద్రించిన గడువు తేదీ దాటకపోతే, పుస్తకం, పట్టీలు అన్నీ ఉంటే తీసుకోవచ్చు. చరిత్ర తెలియని సీటు ఉచితంగా ఇచ్చినా వద్దు.

విదేశాల్లో, దూరపు ఊళ్లలో ఉన్న కొడుకులకూ కూతుళ్లకూ ఒక విన్నపం. టికెట్లు కొనే రోజే అమ్మానాన్నల కారు మోడల్ అడగండి, వెనక సీటు ఫొటోలు పంపమనండి. సీటు ఏదన్నది వాళ్లతో కలిసి తేల్చండి. వచ్చిన మర్నాడు మీరు బిగించి చూపించడంతో ఆపకండి. వాళ్ల చేత విప్పించి, మళ్లీ వాళ్ల చేతే బిగించి, పాపను కూర్చోబెట్టించండి. మీరు వెళ్లాక పార్కుకూ గుడికీ పాపను తీసుకెళ్లేది వాళ్లే.