సింహం పతకం... కరణం కవిలె!

ఒకవైపు పులిని పడదోసి తొక్కుతున్న సింహం. రెండోవైపు శ్రీరంగపట్నం కోట మీద దాడి. 1799 మే 4న టిప్పు సుల్తాన్ నేలకొరిగాక ఆ విజయానికి గుర్తుగా ఈస్టిండియా కంపెనీ బర్మింగ్‌హామ్‌లో చేయించిన పతకమిది. పులి అంటే టిప్పు. సింహం ఎవరో వేరే చెప్పక్కర్లేదు! లోహం హోదాను బట్టి మారేది. జనరళ్లకు బంగారం, కెప్టెన్లకు వెండి, మామూలు సిపాయికి తగరం.

ఆ ముట్టడిలో నిజాం పక్షాన నడిచిన దళంలో ఇంజినీరు, కెప్టెన్ కాలిన్ మెకంజీ. ఫిరంగులకు దిబ్బలు కట్టించడం, నేలను కొలిచి పటాలు గీయడం ఆయన వృత్తి. అయితే కడప, కర్నూలు సీమల్లో ఆయన పేరు నిలిచింది ఫిరంగుల వల్ల కాదు... కైఫియత్తుల వల్ల!

స్కాట్లాండ్‌లోని స్టోర్నోవేలో 1754లో పుట్టిన మెకంజీ 1783లో మద్రాసు చేరాడు. 1792 సంధిలో టిప్పు నుంచి కడప సీమ నిజాంకు దక్కింది. ఈ కొత్త నేల పటాలు గీసే పని మెకంజీది. 1794లో శ్రీశైలం ఎక్కి, చూసిందంతా రాసుకున్నాడు. అది 1798లో అచ్చయింది. 1800లో నిజాం ఈ సీమను కంపెనీకి ధారాదత్తం చేశాడు. అవే దత్తమండలాలు. కర్నూలు మాత్రం 1839 దాకా నవాబు చేతిలోనే ఉంది.

పటానికి కొండలూ వాగులూ చాలు. మెకంజీకి చాల్లేదు. ఊరు ఎవరు కట్టారు, చెరువు ఎవరు తవ్వించారు, గుడికి మాన్యం ఎవరిచ్చారు, ఏ పాలెగాడు ఏలాడు... అన్నీ కావాలి. (శిస్తు వసూలు చేసే కంపెనీకి ఇందులో లాభం లేకపోలేదు!) తెలుగు రాని దొరకు దారి చూపింది ఏలూరు వాళ్లయిన కావలి సోదరులు. బొర్రయ్య 1803లో చిన్న వయసులోనే పోతే తమ్ముడు లక్ష్మయ్య ఆ పని అందుకున్నాడు. వాళ్ల మనుషులు ఊరూరా తిరిగి కరణాల దండకవిలెలు చూసి, పెద్దల నోట విని రాసుకొచ్చారు.

వాటిలో సిద్ధవటం దగ్గరి మాచుపల్లె కైఫియత్తు ఒకటి. పన్ను కట్టలేని ఆడవాళ్లను సమ్మెట గురవరాజు చిత్రహింసలు పెట్టడం కూచిపూడి భాగవతులు కళ్లారా చూశారట. విజయనగరం వెళ్లి వీరనరసింహరాయల ఎదుట దాన్నే వేషం కట్టి ఆడారు. రాయలు సేనను పంపి గురవరాజును పట్టించి మరణశిక్ష వేయించాడు. కూచిపూడి చరిత్ర రాసేవాళ్లు తొలి ఆధారంగా చూపేది దీన్నే. ఆరోజు ఓ కరణం కవిలె విప్పకపోతే?

మెకంజీ 1811లో జావా యుద్ధానికి వెళ్లాడు. 1815లో భారత సర్వేయర్ జనరల్ అయ్యాడు. 1821 మే 8న కన్నుమూశాడు. ఆయన సేకరణను భార్య నుంచి కంపెనీ లక్ష రూపాయలకు కొంది. మిగిలిన పని పూర్తి చేస్తానని లక్ష్మయ్య ముందుకొచ్చాడు. ఇంత పెద్ద పని ఆయన వల్ల కాదని కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పెద్దలు తోసిపుచ్చారు. ఏళ్ల తరబడి ఆ పని చేసిందే ఆయన!

శిథిలమవుతున్న ఆ రాతలకు తర్వాత సి.పి.బ్రౌన్ నకళ్లు రాయించాడు. కడప జిల్లా కైఫియత్తులను కడపలోని బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం సంపుటాలుగా అచ్చు వేసింది. సొంత ఊరి పేరు ఉందేమోనని తిరగేసేవాళ్లకు ఊళ్ల పేర్లతోనే దొరుకుతాయి.